రాగి పంటకు జీవితాన్ని ధారపోసిన శాస్త్రవేత్త - రాగి లక్ష్మణయ్య

ఆనేకల్ తాలూకా ఎర్రనేలల్లో సేద్యం చేసి వయసు మళ్లిన ఏ రైతును కదిపినా 'ఇండాఫ్' అన్న మాట తెలియదని చెప్పరు. అత్తిబెలె, సర్జాపుర, జిగణి ప్రాంతాల్లోనూ, సరిహద్దు దాటితే హోసూరు, డెంకణికోట పల్లెల్లోనూ ఒక తరంపాటు మెరుగైన రాగి విత్తనానికి అదే పేరు. కొందరు దానిని ఏదో విదేశీ కంపెనీ పేరనుకున్నారు. మరికొందరు మందు పేరనుకున్నారు. అది ఇండియా, ఆఫ్రికా అన్న రెండు పేర్ల ముందు అక్షరాలను కలిపి కూర్చిన మాట. మన దేశపు రాగికీ ఆఫ్రికా రాగికీ సంకరం చేసి ఆ విత్తనాన్ని మన చేతికి అందించిన శాస్త్రవేత్త లక్ష్మణయ్య. కన్నడ సీమలో ఆయనను 'రాగి బ్రహ్మ' అని గౌరవిస్తారు. పంట పేరే ఇంటిపేరై 'రాగి లక్ష్మణయ్య'గానే ఆయన ప్రసిద్ధికెక్కారు. ఆ గింజతో సంగటి వండుకొని బ్రతికిన సరిహద్దు తెలుగు ఇళ్లలో మాత్రం ఈ పేరు అంతగా వినబడదు. ఆ లోటు కొంతైనా తీర్చాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మన ప్రాంతంలో రాగికి ఉన్న స్థానం గురించి పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. కోస్తా వారికి చోళ్లు, తెలంగాణ వారికి తైదలు, తమిళులకు కేళ్వరగు, కన్నడిగులకూ రాయలసీమ వారికీ రాగులు. పేర్లు ఎన్నయినా గింజ ఒక్కటే. మృగశిర, ఆరుద్ర కార్తెల వానలకు దుక్కి దున్ని, గొర్రుతో విత్తి, నడుమ సాళ్లలో అనుములో అలసందలో ఆముదాలో వేసుకోవడం ఈ మెట్టభూముల ఆచారం. ఇతర ధాన్యాలను పురుగు తిన్నంత తేలికగా రాగిని తినలేదు. పాతరలో పోసి పైన మట్టి కప్పితే ఏళ్ల తరబడి చెడదు. కరువు వచ్చిన ఏట పాతర తెరిస్తే ఊరికి ప్రాణం వచ్చేది. అందుకే ఈ పంట దిగుబడిలో ఎకరాకు ఒక బస్తా పెరగడమంటే లాభనష్టాల లెక్క మాత్రమే కాదు, ఆ ఇంట పిల్లలు రెండు పూటలా తిన్నారా లేదా అన్న లెక్క కూడా.

లక్ష్మణయ్య 1921లో మైసూరు జిల్లాలోని ఒక పల్లెలో జన్మించారు. ఆయన పుట్టేనాటికి మైసూరు సంస్థానంలో రాగి మీద శాస్త్రీయ పరిశోధన మొదలై కొంతకాలమే అయింది. దానికి పునాది పడిన చోటు బెంగళూరుకు ఉత్తరాన ఉన్న హెబ్బాళ. 1899లో రాజప్రతినిధిగా ఉన్న మహారాణి కెంపనంజమ్మణ్ణి అక్కడ ముప్పది ఎకరాల భూమిని వ్యవసాయ పరిశోధన నిమిత్తం ఇచ్చారు. 1908లో కెనడా దేశం నుండి లెస్లీ కోల్మన్ అనే శాస్త్రవేత్త సంస్థానానికి వచ్చి, తరువాత వ్యవసాయ శాఖకు అధిపతి అయి, రెండు దశాబ్దాలకు పైగా పనిచేశారు. రాగి సాగు గురించి 1920లో ఆయన ఒక గ్రంథమే ప్రకటించారు. 1918లో హెచ్.22 అనే రాగి వంగడం సంస్థానంలో విడుదలైంది. మన దేశంలో శాస్త్రీయంగా ఎంపికై రైతులకు అందిన తొలి రాగి రకం అదేనని చెబుతారు. ఆనాటి పద్ధతి సులభమైనది. పొలాల్లో పండిన రాగిలో మేలైన కంకులను ఏరడం, ఒక్కొక్క కంకి గింజలను వేరువేరు సాళ్లలో విత్తడం, వాటిలో మంచి సాలును నిలుపుకొని తక్కినవి విడిచిపెట్టడం. కళ్లంలో కూర్చొని వచ్చే ఏటి విత్తనానికి పెద్ద కంకులు ఏరుకున్న మన అవ్వలు చేసినదీ ఇదే పని. శాస్త్రవేత్తలు దానిని లెక్కతో, పుస్తకంలో వ్రాసుకొని చేశారు, అంతే భేదం.

అయితే ఏరివేతకు ఒక హద్దు ఉన్నది. పొలంలో ఉన్న గుణాలలో మంచిదానిని ఏరుకోగలమే కాని, లేని గుణాన్ని తెచ్చుకోలేము. ఒక రకానికి గింజ బరువు ఉండి గట్టి కాడ లేకపోతే, మరొక రకానికి గట్టి కాడ ఉండి త్వరగా పండే గుణం లేకపోతే, ఆ రెండింటినీ ఒకే మొక్కలోకి తేవాలంటే సంకరం చేయక తప్పదు. వరిలో, జొన్నలో ఆ పని అప్పటికే సాగుతున్నది. రాగి మాత్రం లొంగలేదు.

ఎందుకు లొంగలేదో తెలిస్తేనే లక్ష్మణయ్య చేసిన పని విలువ తెలుస్తుంది. రాగి కంకిని చేతిలోకి తీసుకొని చూడండి. అరచేతి వ్రేళ్ల వలె నాలుగు నుండి ఎనిమిది వరకు వ్రేళ్లుంటాయి. ఒక్కొక్క వ్రేలి మీద రెండు వరుసలుగా చిన్న చిన్న గుచ్ఛాలు, ఒక్కొక్క గుచ్ఛంలో మరల నాలుగు మొదలు అంతకు పైగా పూలు. మొత్తం కంకికి పూల సంఖ్య వేయి దాటుతుంది. ఒక్కొక్క పువ్వు ఆవగింజంత. అందులో మూడు కేసరాలు, రెండుగా చీలిన కీలాగ్రం. పువ్వు విచ్చుకునేది పట్టపగలు కాదు, అర్ధరాత్రి దాటిన తరువాత ఒంటి గంట మొదలు తెల్లవారు ఝాము అయిదు గంటల వరకు. విచ్చుకునే క్షణంలోనే దాని పుప్పొడి దాని మీదనే రాలి గర్భధారణ జరిగిపోతుంది. నూటికి తొంభై తొమ్మిది పాళ్లకు పైగా ఇదే తీరు. కంకి అంతా పూయడానికి వారం రోజులు పడుతుంది. ఇక పక్క మొక్క పుప్పొడికి చోటెక్కడ? వరి పువ్వును కత్తెరతో కొసలు కత్తిరించి, కేసరాలను లాగివేసి, మరొక మొక్క పుప్పొడిని అద్దినట్లు రాగిలో చేయబోతే పువ్వే చితికిపోతుంది. పని తలపెట్టిన వారు విసిగి విడిచిపెట్టేటంత సూక్ష్మం అది.

ఈ చిక్కుకు ఒక త్రోవ చూపినవారు కోయంబత్తూరులో చిరుధాన్యాల నిపుణుడుగా పనిచేసిన జి.ఎన్. రంగస్వామి అయ్యంగారు. 1930ల నడుమ ఆయన చెప్పిన ఉపాయం వినడానికి చాలా సామాన్యమైనది. పూతకు సిద్ధమైన రెండు వేర్వేరు రకాల కంకులను దగ్గరకు చేర్చి కలిపి కట్టివేయడమే. వ్రేళ్లు వ్రేళ్లలో చిక్కుకొని ఉండగా రాత్రి పూలు విచ్చుకుంటాయి. వేయింట ఎక్కడో ఒక పువ్వు మీద తన పుప్పొడి పడేలోపల పక్క కంకి పుప్పొడి పడుతుంది. అది ఏ పువ్వో ఎవరికీ తెలియదు, తెలుసుకోనక్కరలేదు కూడా. ఎందుకంటే జత చేసేటప్పుడే గింజ కోసుకునే తల్లి మొక్క పచ్చని రకమైనదిగా, తండ్రి మొక్క కణుపుల వద్ద ఊదారంగు ఉన్నదిగా ఎంచుకుంటారు. ఊదారంగు గుణం పచ్చదనాన్ని అణచి పైకి కనబడేది. తల్లి కంకి గింజలన్నిటినీ నారు పోస్తే, పచ్చని మొలకలన్నీ తల్లికి తానుగా పుట్టినవి, ఊదా ఛాయ కనబడిన మొలక మాత్రం సంకర సంతానం. వేలాది నారు మొక్కల మధ్య నడుము వంచి వెదికి, నాలుగైదు ఊదా మొలకలు దొరికితే ఆ ఏటి పని పండినట్లే.

ఇక్కడితో అయిందా అంటే అసలు పని ఇక్కడే మొదలవుతుంది. ఆ నాలుగైదు మొక్కల గింజలను విత్తితే మరుసటి తరంలో పొడుగువి, పొట్టివి, ముందు పండేవి, వెనుక పండేవి, అన్నీ కలగలిపి వస్తాయి. వాటిలో మేలైనవి ఏరి మరల విత్తాలి. ఆరేడు తరాల తరువాత గాని ఒక సాలులోని మొక్కలన్నీ ఒకే తీరుగా నిలకడ చెందవు. ఆ తరువాత పలు ఊళ్లలో, పలు వానల కింద పరీక్షించి చూడాలి. ఒక వంగడం కంకులు కట్టిన రోజు నుండి రైతు గొర్రుకు చేరేసరికి పది సంవత్సరాలు కావడం మామూలు. ఇంత ఓర్పు కోరే పనికి, పేరు ప్రతిష్ఠలు అంతగా రాని పంటకు, ఒక మనిషి తన ఉద్యోగ జీవితమంతా ఇచ్చివేయడం విశేషమే. తెలివైన యువశాస్త్రవేత్తలను ఆ రోజుల్లో వరి, గోధుమ, చెరకు, పత్తి పిలిచేవి. రాగి పేదవాడి పంట, మెట్ట పంట. దాని వెంట నడిచేవారు కొందరే.

లక్ష్మణయ్యకు కర్మభూమి మండ్య. అక్కడ విశ్వేశ్వరయ్య కాలువ కింద ఏర్పడిన ప్రయోగ క్షేత్రాన్ని కాలువ పేరులోని పొడి అక్షరాలతో వి.సి. ఫారం అంటారు. ఇందులో ఒక చిన్న వింత ఉన్నది. కృష్ణరాజసాగరం నీటితో వరి, చెరకు పచ్చగా పండే ఆయకట్టు నడుమ కూర్చొని ఆయన వానమీద ఆధారపడిన మెట్ట రైతు పంటకు మెరుగులు దిద్దారు. అయితే ఈ పనికి కాలువ నీరు ఒక వరమనే చెప్పాలి. వానకు కాచుకోకుండా ఏడాదికి ఒకటికి మించి పంటలు తీయగలిగితే, తరాలు త్వరగా గడుస్తాయి, పదేళ్ల పని తొందరగా తెమలుతుంది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాలవి. తిండిగింజల కొరత ఎంత తీవ్రమైనదో ఆనాటి వారికి తెలుసు. 1951 నుండి 1964 వరకు గడిచిన కాలంలో లక్ష్మణయ్య కృషి ఫలితంగా అరుణ, ఉదయ, పూర్ణ, అన్నపూర్ణ, కావేరి, శక్తి అనే రాగి రకాలు వరుసగా వెలువడ్డాయి. కోయంబత్తూరులో ఎంపికైన సి.ఓ.1 రకాన్ని అరుణతో కలపగా పుట్టినది పూర్ణ. కె.1 అనే రకాన్ని అదే అరుణతో కలపగా వచ్చినది అన్నపూర్ణ. పేర్లు గమనించండి. అంకెలు, అక్షరాలు తగిలించే అలవాటున్న శాఖలో ఈ గింజలకు ఇంటి ఆడపిల్లలకు పెట్టినట్లు పేర్లు పెట్టారు. రైతు నోట ఆడే పేరు గల విత్తనం ఊరూరా త్వరగా పాకుతుంది. ఆ తరువాతి విత్తనాలకు మరల అక్షరాలే వచ్చిపడ్డాయి, వాటిని మన వాళ్లు ఇప్పటికీ సరిగా పలకలేక అవస్థ పడతారు.

ఈ రకాలన్నీ మన దేశపు రాగుల మధ్య సంకరాలే. వాటి ఫలితం మంచిదే అయినా, ఒక గడప దాకా వచ్చి ఆగింది. అప్పుడు ఆయన దృష్టి ఆఫ్రికా వైపు మళ్లింది.

రాగి పుట్టిల్లు మన దేశం కాదన్న సంగతి వింటే సంగటి తిని పెరిగిన మనకు ఆశ్చర్యంగానే ఉంటుంది. తూర్పు ఆఫ్రికాలో, ఇథియోపియా, ఉగాండా ప్రాంతపు మిట్టల్లో సుమారు అయిదు వేల సంవత్సరాల క్రితం అక్కడి ప్రజలు అడవి గడ్డి నుండి దీనిని సాగులోకి తెచ్చారని శాస్త్రజ్ఞుల నిర్ణయం. అక్కడి నుండి ప్రాచీన కాలంలోనే సముద్రం దాటి మన దేశానికి చేరింది. ఇక్కడి నేల, వాన, మనుషుల ఎంపికలకు తగినట్లు మారింది. అక్కడ మిగిలినది అక్కడి తీరున మారింది. ఆఫ్రికా రాగి కాడ లావు, ఆకు ముదురు పచ్చన, కంకి పెద్దది, అగ్గితెగులును కొంత మేర తట్టుకొనే శక్తి ఉన్నది. కాని పంట కాలం ఎక్కువ, మన వానలతో పొసగదు. మన రాగి త్వరగా పండుతుంది, పిలకలు బాగా వేస్తుంది, కాని కంకి చిన్నది. వేల యేండ్ల క్రితం విడిపోయిన ఇద్దరు అన్నదమ్ముల సంతతిని మరల ఒక పందిరి కిందికి తెచ్చి వియ్యమందించిన చందంగా లక్ష్మణయ్య ఈ రెండింటినీ కలిపారు.

1964లో బెంగళూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడి, మండ్య క్షేత్రం కూడా దాని పరిధిలోకి వచ్చింది. ఆ విశ్వవిద్యాలయం పేరిట ఇండాఫ్ 1 మొదలు వరుసగా రకాలు వచ్చాయి. అన్నీ ఒకే రీతిగా నిలవలేదు, కొన్ని పుస్తకాల్లోనే మిగిలాయి. రైతులు గట్టిగా పట్టుకున్నవి 5, 8, 9. ఇండాఫ్ 5 అంటే కావేరి రకానికీ, ఐ.ఇ.929 అన్న సంఖ్య గల ఆఫ్రికా రాగికీ పుట్టినది. ఇండాఫ్ 8కి ఒక పక్క అదే ఆఫ్రికా రాగి, మరొక పక్క హుల్లుబెలె అనే కన్నడ సీమ నాటు రకం. ఇండాఫ్ 9లో కె.1 రకమూ, ఐ.ఇ.980 నుండి తీసిన రకమూ కలిశాయి. వీటిలో 8 దీర్ఘకాలికం, ముందు వానలకు విత్తుకొనేది. 9 స్వల్పకాలికం, వాన వెనుకబడినా వేసవిలో నీటి కింద వేసుకున్నా పనికివచ్చేది. 5 ఆ రెంటికీ నడిమిది. వాన ఎప్పుడు వస్తుందో తెలియని మెట్ట రైతుకు ఒకే మేలు రకం ఇవ్వడం కంటే, వాన తీరును బట్టి మార్చుకోవడానికి ఇలా వేర్వేరు కాలాల గింజలివ్వడం గొప్ప ఉపకారం. ఈ వరుసలో అసలు తెలివి ఇక్కడున్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మెక్సికో నుండి వచ్చిన పొట్టి గోధుమ ఉత్తర దేశంలో హరిత విప్లవం తెచ్చిందని బడిపిల్లలు కూడా చదువుకుంటారు. సుమారు ఆ కాలంలోనే ఆఫ్రికా రాగితో దక్షిణాది మెట్టల్లో సాగిన ఈ మార్పు పాఠ్యపుస్తకాల్లో అంతగా కనబడదు. కాని లెక్కలు సాక్ష్యమిస్తున్నాయి. 1950ల ఆరంభంలో దేశంలో ఇరవై లక్షల హెక్టార్లకు పైగా రాగి సాగయ్యేది, హెక్టారుకు సగటు దిగుబడి ఏడు క్వింటాళ్లకు అటూ ఇటూ. 2020 నాటికి సాగు విస్తీర్ణం దాదాపు సగానికి పడిపోయింది, సగటు దిగుబడి మాత్రం రెట్టింపు దాటింది. అంటే సగం నేలలోనే మునుపటికి తగ్గని గింజ పండుతున్నది. ఇందులో ఎరువులకూ నీటికీ కూడా పాలున్నది. అయినా అందులో పెద్ద పాలు విత్తనానిదేనన్నది కాదనలేని మాట.

ఇక్కడ ఒక విషయం విడమరచి చెప్పుకోవాలి. మన పల్లెల్లో ఇండాఫ్‌ను 'హైబ్రిడ్ రాగి' అనడం వాడుక. ఆ మాట వల్ల ఒక పొరపాటు అభిప్రాయం నిలిచిపోయింది. మొక్కజొన్నలోనూ పత్తిలోనూ కంపెనీలు అమ్మే హైబ్రిడ్ విత్తనం తొలి తరం సంకరం. దాని గింజను దాచి మరుసటి ఏడు విత్తితే పైరు నానా తీరులుగా వచ్చి దిగుబడి పడిపోతుంది, కనుక ఏటేటా కొనవలసిందే. ఇండాఫ్ అటువంటిది కాదు. సంకరం చేసిన తరువాత అనేక తరాలు ఏరి, నిలకడ చేసి ఇచ్చిన రకం. పైగా రాగి తనకు తానే పుప్పొడి వేసుకొనే పంట. పక్క పొలంలో వేరే రకం ఉన్నా పెద్దగా కలవదు. విత్తన ధ్రువీకరణ నియమాల్లో రాగికి రెండు రకాల పొలాల మధ్య మూడు మీటర్ల ఎడం చాలునని వ్రాశారంటే ఎంత నిబ్బరమైన పంటో గ్రహించవచ్చు. కాబట్టి ఒక్కసారి తెచ్చుకున్న ఇండాఫ్ గింజను రైతు జాగ్రత్తగా దాచుకుంటే ఏళ్ల తరబడి విత్తుకోవచ్చు, ఇరుగుపొరుగుకు ఇవ్వవచ్చు. ఆనేకల్ వైపు ఆడపిల్లను హోసూరు వైపు ఇచ్చిన ఇళ్లు, కుప్పం వైపు నుండి కోడలిని తెచ్చుకున్న ఇళ్లు మన పల్లెల్లో కోకొల్లలు. చుట్టరికాల వెంట మూటలో వెళ్లే విత్తనానికి చెక్‌పోస్టు అడ్డురాదు.

ఏ పువ్వుకు చేతితో సంకరం చేయడం కష్టమో, ఆ పువ్వు స్వభావమే రైతు చేతిలో విత్తనాన్ని స్వచ్ఛంగా నిలిపింది. లక్ష్మణయ్యను అంతగా సతాయించిన గుణమే రైతుకు అండ అయింది. ప్రభుత్వ సొమ్ముతో చేసిన పరిశోధన కనుక ఆ గింజ మీద ఒకరికి ప్రత్యేక హక్కు అంటూ లేకపోయింది. ఆ తరువాత కాలం మారింది. విత్తనాల మీద హక్కుల వివాదాలు వచ్చాయి. 2001లో పార్లమెంటు చేసిన మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం రైతు తన పొలంలో పండిన విత్తనాన్ని దాచుకొనే, విత్తుకొనే, మార్చుకొనే, అమ్ముకొనే హక్కును స్పష్టంగా గుర్తించింది. కంపెనీ ముద్ర వేసి అమ్మడం మాత్రం కూడదు. చట్టం పుట్టకముందే ఈ సరిహద్దు పల్లెల్లో రాగి విషయంలో ఆచారంగా నడిచినది ఇదే.

లోపాలు చెప్పకపోతే జీవితచరిత్ర స్తోత్రపాఠమవుతుంది. ఇండాఫ్ రకాలు, ముఖ్యంగా అందరూ మెచ్చిన ఇండాఫ్ 5, కాలక్రమేణా అగ్గితెగులుకు లోబడ్డాయి. ఈ తెగులు ఆకు మీద మచ్చగా మొదలై, కంకి మెడను పట్టినప్పుడు గింజ పాలు పోసుకోకుండానే తాలుగా మారుతుంది. ఎకరాలకు ఎకరాలు ఒకే రకం విత్తితే శిలీంధ్రానికి పండుగే. ఆఫ్రికా నుండి వచ్చిన శక్తి కొంతకాలమే కాపాడింది. రెండవది గడ్డి సంగతి. మెట్ట రైతుకు గింజ ఎంతో గడ్డి అంత. వామి నిండకపోతే వేసవిలో పశువు నిలవదు. లావు కాడ కంటే సన్న కాడ నాటు రాగి గడ్డినే పశువులు ఇష్టంగా తింటాయని రైతులు చెప్పిన మాటను పరిశోధనా క్షేత్రాల త్రాసు చాలాకాలం పట్టించుకోలేదు. మూడవది అన్నిటికంటె పెద్ద నష్టం. మేలు రకం వచ్చిన ఊళ్లో నాటు రకాలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. హుల్లుబెలె వంటి నాటు రకం ఉండబట్టే ఇండాఫ్ 8 పుట్టింది. అటువంటివి ఎన్ని పోయాయో లెక్కకు అందదు. ఈ నేరం లక్ష్మణయ్యది అనడం న్యాయం కాదు. ఆకలి రోజుల్లో ఆయన ముందున్న ప్రశ్న వేరు. కాని ఫలితం ఫలితమే.

విత్తనం దాచుకొనే హక్కు ఉన్నచోట దానిని పరీక్షించుకొనే బాధ్యత కూడా రైతుదే. ఇండాఫ్ పేరు మారుమ్రోగిన కొద్దీ ఆ పేరుతో కల్తీ గింజ అమ్మేవారూ బయలుదేరారు. గింజ చూసి రాగి రకం చెప్పడం ఎంత అనుభవం ఉన్నవారికైనా కష్టమే, అన్నీ ఇంచుమించు ఒకే ఎరుపు, ఒకే గుండ్రన. దేశంలో విత్తనాల చట్టం 1966లో వచ్చింది. ధ్రువీకరణ పొందిన రాగి విత్తనంలో శుద్ధ విత్తనం నూటికి 97 పాళ్లు, మొలక శాతం 75కు తగ్గకుండా, తేమ 12కు మించకుండా ఉండాలని ప్రమాణం. ఇంట్లో దాచిన గింజకు కూడా ఈ పరీక్షలో సగం మనమే చేసుకోవచ్చు. మూట పైనుండి, నడుమ నుండి, అడుగు నుండి కొద్దికొద్దిగా గింజ తీసి కలపాలి. ఏరకుండా, ఎంచకుండా వంద గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో వరుసగా పరచి చుట్టి, గుడ్డ ఆరకుండా నీళ్లు చిలకరిస్తూ నీడన ఉంచాలి. వారం తరువాత విప్పి, వేరూ మొలకా రెండూ సరిగా వచ్చిన వాటినే లెక్కించాలి. డెబ్బది అయిదు దాటితే విత్తనం, అంతకు చాలా తగ్గితే సంగటి. మంచి గింజలు మాత్రమే ఏరి పరీక్ష చేసి తమను తాము మోసపుచ్చుకొనేవారు ఊరికి ఇద్దరైనా ఉంటారు.

రాగి కిలో అంటే మూడు లక్షల గింజలకు పైమాట. గొర్రుతో విత్తితే ఎకరాకు అయిదు కిలోలు, నారు పోసి నాటితే రెండు కిలోలు చాలు. ఇంత కొద్ది గింజ కనుకనే మేలైన విత్తనం కొనడం రాగి రైతుకు భారం కాదు. ఇంటి గింజ దాచేవారు కూడా మూడు నాలుగేళ్లకొకసారి నిక్కమైన విత్తనం తెచ్చి కొత్త చేసుకోవడం మేలు. కళ్లంలో కలిసేది, గోనెలో మిగిలిపోయినది, పైరులో పీకని బెరుకు మొక్క, ఇవన్నీ ఏటేటా చేరి గింజను కలగాపులగం చేస్తాయి.

రాగి బ్రహ్మ అన్న పేరుతో కన్నడ నాట ఆదరణ పొంది లక్ష్మణయ్య 1993లో కన్నుమూశారు. ఆయన పోయిన తరువాతి కథ కూడా ఆయన జీవితంలో భాగమే. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంవారు అగ్గితెగులుకు తట్టుకొనే రకం కోసం వెదికి, 1990ల చివరకు జి.పి.యు.28 అనే విత్తనాన్ని రైతులకు అందించారు. దాని వంశవృక్షం చూస్తే, ఒక వైపు ఇండాఫ్ 5, మరొక వైపు ఇండాఫ్ 9కీ ఐ.ఇ.1012 అనే రాగికీ పుట్టిన సంకరం. అంటే తెగులుకు లొంగిన ఇండాఫ్‌నే పారవేయక, దాని కంకి బలాన్ని ఉంచుకొని, కొత్త శక్తిని ఎక్కించారు. దక్షిణ కర్ణాటక మెట్టల్లో ఇండాఫ్ 5 స్థానాన్ని ఇదే ఆక్రమించింది. కరవును తట్టుకొనే ఎం.ఎల్.365 అనే మరో రకానికీ ఒక పక్క ఇండాఫ్ 5, రెండవ పక్క ఐ.ఇ.1012. 2017లో బెంగళూరు శాస్త్రజ్ఞులు రాగి జన్యుపటాన్ని మొట్టమొదట చదివి లోకానికి వెల్లడించినప్పుడు, అందుకు తీసుకున్న మొక్క ఈ ఎం.ఎల్.365. ముప్పది ఆరు క్రోమోజోములలో ఎనభై వేలకు పైగా జన్యువులను గుర్తించారు. ఊదా మొలక కోసం నారుమడిలో నడుము వంచి వెదికిన కాలం పోయి, ఆకు ముక్క నుండి జన్యు గుర్తులు చూసి ఇది సంకరమా కాదా, ఇది చెప్పిన రకమేనా కాదా అని ప్రయోగశాలలో తేల్చే కాలం వచ్చింది. మరుసటి ఏడాది, 2018లో, రెండవ రాగి జన్యుపటం ప్రకటితమైంది. అది మన పెద్దాపురం పరిశోధనా స్థానంలో ఎంపికైన పి.ఆర్.202 రకానిది, గోదావరి అని దానికి పేరు. తెలుగువారు ఈ సంగతి గర్వంగా చెప్పుకోవచ్చు.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. పట్నవాసులు రాగి బిస్కట్లు, రాగి దోసెలు కొనసాగారు. ఆ పట్నమే ఆనేకల్ తాలూకా మీదికి విస్తరించి, ఎలక్ట్రానిక్ సిటీ, చందాపుర, జిగణి, బొమ్మసంద్ర చుట్టుపట్ల రాగి చేలను ఇళ్ల స్థలాలుగా, కర్మాగారాలుగా మార్చివేసింది. చేను అమ్మిన ఇంట గింజ దాచే పాతర ఉండదు, మూడు తరాలుగా దాచిన విత్తనం ఒక్క ఏడు విత్తకపోతే ముందు మొలక తగ్గుతుంది, తరువాత మిల్లుకు పోతుంది. తమిళనాడు అంచున ఉన్న పల్లెల్లో మాత్రం రాగి సాగు ఇంకా మిగిలి ఉన్నది. ఆ చేలలో ఇండాఫ్ అని పిలిచి కొందరు దాచుకుంటున్నది నిజంగా ఇండాఫా, జి.పి.యు.28ఆ, లేక రెండూ కలిసినదా అన్నది వారికే సరిగా తెలియదు. కార్తీక మార్గశిర మాసాల్లో కోతకు వచ్చే ముందు చేను చుట్టూ ఒకసారి తిరిగి, ఎత్తులో, కంకి ముడుచుకున్న తీరులో, కణుపు రంగులో తేడా ఉన్న మొక్కలను పీకివేసి, మిగిలిన వాటిలో నూరు మేలైన కంకులు వేరుగా కోసి కట్ట కట్టి, వేరుగా నూర్చి దాచుకుంటే వచ్చే ఏటి ఎకరాకు సరిపడే నారుమడి విత్తనంలో పెద్ద భాగం ఇంట్లోనే సమకూరుతుంది.